పాత ఇంటి తాళం చెవి

చంద్రమౌళి మాస్టారి జేబులో ఎప్పుడూ ఒక కొత్త ఎర్ర పెన్ను ఉండేది. ఆయన క్లాసులో ఎవరో ఒకరి మెడలో ఎప్పుడూ ఒక తుప్పు పట్టిన తాళం చెవి వేలాడుతూ ఉండేది. పెన్ను తప్పు పట్టుకున్నవాళ్లకి. తాళం చెవి తప్పు చేసినవాళ్లకి. విజయనగరంలో మా కాలేజీలో ఆయన పదమూడేళ్లు సీనియర్ ఇంటర్‌ వాళ్లకి లెక్కలు చెప్పారు. పదమూడేళ్లూ ఈ రెండింటితోనే చెప్పారు.

మా కాలేజీ అంటున్నాను గానీ నేనక్కడ చదవలేదు. గవర్నమెంటు కాలేజీలో ఎంపీసీ మొదటి సంవత్సరం అయ్యాక మా అమ్మ దానమ్మకి మోకాళ్లు పనిచెయ్యడం మానేశాయి. ఆమె ఇక్కడ చేసే ఆయా పని నాకు వచ్చింది. పీరియడ్ అయ్యే ముందు తడిగుడ్డ పట్టుకుని తలుపు పక్కన నిలబడాలి, బెల్లు కొట్టగానే వెళ్లి బోర్డు తుడవాలి. అలా నిలబడీ, తుడిచీ, నేను చదవని రెండో సంవత్సరం లెక్కలు చాలా చూశాను. తుడిచేటప్పుడు చెయ్యి ఎక్కడుంటే కళ్లూ అక్కడే ఉంటాయి కదా.

మాస్టారిది వ్యాపారస్థుల కుటుంబం. గంటస్తంభం దగ్గర వాళ్ల అన్న రంగనాథం గారి కిరాణా కొట్టు ఉంది. మా అమ్మ సరుకులు అక్కడే తెచ్చేది. తండ్రి పోయాక రంగనాథం గారు తమ్ముణ్ణి కొట్లో కూర్చోబెట్టారు. చింతపండు పొట్లాలు కట్టడం, పసుపు కొమ్ములు జల్లించడం ఆయన పని. పొట్లాల కాగితాల మీద ఆయన లెక్కలు చేసుకునేవారట. ఒకరోజు సరుకుకొచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా లెక్క పూర్తి చేస్తూ కూర్చుంటే, అన్న ఆ కాగితం లాక్కుని, అందులోనే ఎండుమిరపకాయలు పోసి కట్టి, ఆ మనిషి చేతిలో పెట్టేశాడట. ఆ వారమే మాస్టారు ఎచ్చెర్ల యూనివర్సిటీకి వెళ్లి ఎమ్మెస్సీలో చేరిపోయారు. ఇంకెప్పుడైనా ఆ కొట్టు మెట్టు ఎక్కితే సరుకు కొనడానికే ఎక్కుతాను అని వెళ్లేముందు చెప్పారట. ఈ సంగతి రంగనాథం గారు కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవారు. మా అమ్మకీ చాలాసార్లు చెప్పారు.

"ఎక్కడికి పోతాడమ్మా దానమ్మా? వస్తాడు. తక్కెడ ఇక్కడే ఉన్నాది, పీట ఇక్కడే ఉన్నాది" అనేవారు.

ఆ తాళం చెవి కూడా ఆ కొట్టుదే. ఎచ్చెర్ల వెళ్లిన రోజు పొరపాటున మాస్టారి జేబులో ఉండిపోయింది. తర్వాత అన్న షట్టర్ పెట్టించాడు. ఇక ఆ చెవి దేనికీ పట్టదు. మాస్టారు దానికి గోగునార పురికొస కట్టి క్లాసుకి తెచ్చారు.

ఎందుకు తెచ్చారో చెప్పాలంటే లెక్క కొంచెం చెప్పాలి. బోర్డు మీద ఇంటిగ్రల్ గుర్తు వేసి, పక్కన x, దాని పక్కన e పవర్ x స్క్వేర్ రాసేవారు. "దీన్ని నేరుగా ఇంటిగ్రేట్ చెయ్యడం మీ తాత వల్ల కూడా కాదు. కానీ ముందున్న x ఊరికే వచ్చి కూర్చోలేదు, దాన్ని వాడుకోవాలి" అనేవారు. x స్క్వేర్‌ని t అనుకుంటే, రెండు x dx అన్నది dt అవుతుంది. అంటే x dx చోట సగం dt రాసుకోవచ్చు. పక్కనున్న x మాయమై సగం e పవర్ t మిగులుతుంది. దాన్ని ఇంటిగ్రేట్ చేస్తే మళ్లీ అదే వస్తుంది. అక్కడి దాకా అందరూ చేసేవారు. ఇంటిగ్రల్ గుర్తుకి కిందా పైనా ఉండే అంకెల దగ్గర, అంటే లిమిట్ల దగ్గర, పడిపోయేవారు. ఆ అంకెలు x వి. x సున్నా నుంచి రెండు దాకా వెళ్తే, t సున్నా నుంచి నాలుగు దాకా వెళ్తుంది. x ని t గా మార్చి, ఆ రెండుని నాలుగు చెయ్యడం మరిచిపోయారంటే అయిపోయినట్టే.

"ఒరే, x ఇల్లు ఖాళీ చేసి t ఇంట్లో దిగావు. పాత ఇంటి తాళం చెవి కొత్తింటికి పడతాదేట్రా? పడతాదేమో, మెడలో వేసుకుని తిరుగు, చూద్దాం."

ఇంకెవరైనా అదే తప్పు చేసేదాకా ఆ చెవి మెడలోనే ఉండాలి. మెస్సులో, హాస్టల్లో, బస్సులో కూడా. కాలరు కిందకి తోస్తే మర్నాడు బెంచీ ఎక్కాలి. ఒకరి నుంచి ఒకరికి పోవడానికి ఒక్కోసారి రెండు రోజులు పట్టేది, ఒక్కోసారి రెండు వారాలు.

పెన్ను సంగతి వేరు. రోజుకొక లెక్కలో మాస్టారే కావాలని ఒక తప్పు పెట్టేవారు. జవాబు కింద రెండు గీతలు గీసి, చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, "ఇల్లు చేరామా?" అని అడిగేవారు. అంతే, క్లాసంతా చేతులే. "సార్, లిమిట్లు!", "సార్, సగం వదిలేశారు!" అని అరుపులే. ముందు పట్టుకున్నవాళ్లకి ఎర్ర పెన్ను. పెన్ను వాళ్లదే అయిపోతుంది, ఆ రోజుకి నోట్సులో మాస్టారి లెక్కనే దానితో దిద్దవచ్చు. నేను తలుపు పక్క నుంచి చాలాసార్లు వాళ్లకంటే ముందే పట్టుకునేదాన్ని. చెప్పే పని నాది కాదు.

పెన్నులు ఎక్కువ గెలిచినవాడు శివాజీ. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు ఊరు వాడిది. తండ్రి లక్ష్ముడు చేపల వేటకి వెళ్తాడు. C సెక్షన్‌లో మూలన కూర్చునేవాణ్ణి మాస్టారే పట్టుకుని, బాగా చదివేవాళ్ల A సెక్షన్‌లోకి తెచ్చారు, కాలేజీ అయ్యాక కూర్చోబెట్టి చెప్పారు. అయితే వచ్చిన మొదటి నెలలోనే శివాజీ లిమిట్లు మార్చడం మరిచిపోయాడు. తొమ్మిది రోజులు తాళం చెవి వాడి మెడలో ఉంది. ఏడో రోజున వాళ్లమ్మ లక్ష్మణమ్మ ఎండు నెత్తళ్ల చేపల మూట పట్టుకుని కొడుకుని చూడ్డానికి వచ్చింది.

"ఏటిరా నాయినా, మెడలో ఆ ఇనపముక్కేటి? దిష్టికేటి?" అని అడిగింది వరండాలో.

మాస్టారు అటే వస్తున్నారు. "దిష్టికి కాదమ్మా. మీవాడి బుర్రకి ఎవరో తాళం వేసి పోయారు. తాళం దొరకలేదు, చెవి మాత్రం దొరికింది. మీ ఆయన్ని వల వేసి వెతకమనండి, సముద్రంలో ఉందేమో" అన్నారు.

చుట్టూ ఉన్న పిల్లలు పడీ పడీ నవ్వారు. లక్ష్మణమ్మకి అర్థం కాలేదు. గొప్ప సారు ఏదో మంచిమాటే అన్నారనుకుని ఆమె కూడా నవ్వింది. "అలాగే బాబూ, సెప్తాను" అంది. శివాజీ ఆమె చేతిలోని మూట వంకే చూస్తూ నిలబడ్డాడు.

మొన్న అక్టోబరులో ఎవరో పిల్లవాడు మాస్టారు కావాలని తప్పు పెట్టిన బోర్డుని ఫోటో తీసి ఇంటికి పంపాడు. అది తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో తిరిగింది. ఎవరి నాన్నో ఇంజనీరు, లిమిట్లు మార్చలేదని గుర్తుపట్టాడు. విశాఖపట్నం నుంచి మా కాలేజీ డైరెక్టర్ గారు ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశారు. బోర్డు మీద తప్పులు రాసే లెక్చరర్ తనకి అక్కర్లేదని, శుక్రవారం తనే వచ్చి క్లాసులో కూర్చుంటానని, ఒక్క తప్పు కనబడినా ఆయన సామాను ఆయన సర్దుకోవాలని చెప్పారు. ప్రిన్సిపాల్ ఆ మాటలు స్టాఫ్ రూములో అందరి ముందూ చెప్పారు. నేను అప్పుడు నీళ్ల క్యాను మారుస్తున్నాను.

జూనియర్లకి లెక్కలు చెప్పే ఉపేంద్ర మాస్టారు గరివిడి ఆయన. ఆయన పద్ధతి వేరు. లెక్క చెయ్యక్కర్లేదు, ఇచ్చిన నాలుగు జవాబుల్నీ వెనక్కి డిఫరెన్షియేట్ చేసి, కుదిరినదానికి టిక్కు పెట్టాలి. డైరెక్టర్ గారికి అదంటే ఇష్టం. ఆ ఉపేంద్ర గారే ఆ రోజు మంచి మాట చెప్పారు.

"మాస్టారూ, శుక్రవారం ఒక్కరోజుకి తప్పు నేకుండా సెప్పెయ్యండి. పెన్ను సోమారం ఇచ్చుకోవచ్చు."

"ఆయన ఫోటో చూశారు. ఫోటో తర్వాత లేచిన చేతుల్ని చూడలేదు. అవే చూపిస్తాను" అన్నారు చంద్రమౌళి మాస్టారు.

కాసేపటికి వరండాలోకి వచ్చి భార్యతో ఫోన్లో మాట్లాడారు. "ఏం కాదు కాంతం. నువ్వు మా అన్నకేమీ చెప్పకు. నేను ఆ కొట్టుకి వెళ్లను. నలభై మంది ఉన్నారు నాకు" అన్నారు. ఆ నలభై అన్నప్పుడు ఆయన గొంతు బాగా మెత్తగా ఉంది. క్లాసులో ఆ గొంతు ఎవరూ విని ఉండరు.

గురువారానికి తాళం చెవి దీపిక మెడలో పడి పన్నెండు రోజులు. గుడ్డల కొట్టు వాళ్ల అమ్మాయి. మధ్యలో మూడు రోజులు జ్వరంతోనే వచ్చింది. చున్నీ కింద దాచుకుంటే మాస్టారు లేపి నిలబెట్టారు. "బయటకి తియ్యి. దాచుకునేది దొంగసొత్తు. ఇది నీ సంపాదన" అన్నారు.

గురువారం మధ్యాహ్నం వాళ్ల క్లాసు ముందు వరండా తుడుస్తున్నాను. లోపల పిల్లలు క్యారేజీలు విప్పుకుని తింటున్నారు.

"రేపు ఎవుడూ సెయ్యెత్తకండి" అన్నాడు శివాజీ.

"ఎత్తకపోతే?"

"ఇల్లు సేరామా అని అడుగుతాడు కదా. ఎవుడూ మాటాడకండి. అంతే."

"ఒరే, ఉద్యోగం పోతాదిరా ఆయనకి" అన్నాడొకడు.

"పోనీ."

"నిన్ను A సెక్షన్‌లోకి తెచ్చింది ఎవులురా?"

"ఆయనే. మాయమ్మని నవ్వించింది కూడా ఆయనే. నువ్వు సూళ్లేదు, నాను సూసినాను" అన్నాడు శివాజీ.

దీపిక క్యారేజీకి మూత పెడుతూ, "నేనైతే ఎత్తను" అంది.

అంతలో ఒకడు నన్ను చూశాడు. "ఒరే, ఆ బోర్డు తుడిసే గుంట మన మాటలు ఇంటన్నాది."

"ఇంటే ఇననీ. దానికి నోరెక్కడున్నాదిరా?" అన్నాడు శివాజీ. అందరూ నవ్వి అన్నంలో పడ్డారు.

శుక్రవారం పొద్దున్న చాక్‌పీసుల పెట్టె పట్టుకుని స్టాఫ్ రూముకి వెళ్లాను. మాస్టారు ఒక్కరే ఉన్నారు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. పెట్టె బల్ల మీద పెట్టి నిలబడ్డాను.

"మాస్టారూ" అన్నాను.

ఆయన పెట్టె తెరిచి ఒక చాక్‌పీసు నొక్కి చూశారు. "మళ్లీ తడి. తడిగుడ్డా చాక్‌పీసులూ ఒక్క చేత్తో పట్టుకోవద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాలి? మీ అమ్మకి మోకాళ్లు పోతే నీకు బుర్ర పోయిందా?"

"ఇక పట్టుకోనండి."

"ఇంకేమైనా ఉందా?"

"లేదండి" అని వచ్చేశాను.

డైరెక్టర్ గారు చివరి బెంచీలో కూర్చున్నారు, పక్కన ప్రిన్సిపాల్. నేను తడిగుడ్డతో తలుపు దగ్గర. మాస్టారు ఆ రోజు చాలా బాగా చెప్పారు. x కి e పవర్ x స్క్వేర్, సున్నా నుంచి రెండు దాకా. t ఎందుకు అనుకోవాలో, ముందున్న x ఎలా కలిసిపోతుందో ఒక్కొక్క అడుగూ వేసి చూపించారు. డైరెక్టర్ గారు తల ఊపడం కూడా చూశాను. x పోయి t వచ్చింది. గుర్తు కింద సున్నా అలాగే ఉంది, పైన రెండు కూడా అలాగే ఉంది. జవాబు రాశారు: సగం, బ్రాకెట్‌లో e స్క్వేర్ మైనస్ ఒకటి. రెండు గీతలు గీశారు. చాక్‌పీసు బల్ల మీద పెట్టి చేతులు దులుపుకుని, ఆయన ఎప్పుడూ నవ్వనంత బాగా నవ్వారు.

"ఇల్లు చేరామా?"

ఎవరూ కదల్లేదు.

"ఇల్లు చేరామా?" ఇంకొంచెం గట్టిగా అడిగారు.

నలభై మందీ బోర్డు వంకే చూస్తున్నారు. కొందరు ఆ జవాబుని నోట్సులో ఎక్కించుకుంటున్నట్టు పెన్నులు కదుపుతున్నారు.

"సరిగ్గా చూడండి. చూసి చెప్పండి. చేరామా?"

డైరెక్టర్ గారు లేచారు. "లిమిట్లు మార్చలేదు మాస్టారూ. పైన నాలుగు రావాలి."

"అవునండీ, అదేనండీ! కావాలనే వదిలేశాను. రోజూ ఒక తప్పు పెడతాను, వీళ్లు పట్టుకుంటారు. పట్టుకున్నవాళ్లకి ఇదిగో, ఈ పెన్ను…"

"ఎవరు పట్టుకున్నారు?"

మాస్టారు క్లాసు వైపు తిరిగారు. "శివాజీ, లే. చెప్పు బాబూ. మనం రోజూ ఏం చేస్తాం?"

వాడిని ఆయన బాబూ అనడం నేను వినడం అదే మొదటిసారి. శివాజీ లేచి చేతులు కట్టుకున్నాడు.

"తెలీదు సార్."

"నీ దగ్గర ఎన్ని పెన్నులున్నాయిరా? పదకొండు కదా?"

"నా దగ్గర ఒక పెన్నే ఉంది సార్. బ్లూది" అన్నాడు శివాజీ. ముందు బెంచీలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

డైరెక్టర్ గారు గొంతు పెంచకుండానే మాట్లాడారు. "మాస్టారూ, మీరు తెలియక రాశారంటే లెక్క మీకు రాదు. కావాలనే రాశారంటే, నలభై మందిలో ఒక్కరికీ కనబడలేదు కాబట్టి, వీళ్లకి మీరు నేర్పిందేమీ లేదు. రెండిట్లో ఏది రాసుకోమంటారు? మీరే చెప్పండి."

పిల్లలకి లెక్క వచ్చు, కానీ కావాలనే నోరు మూసుకున్నారు అనాలంటే, వాళ్లకి తనంటే ఇంత కోపం ఉందని మాస్టారు ఒప్పుకోవాలి. ఆయన బల్ల మీది చాక్‌పీసు తీసి, మళ్లీ అక్కడే పెట్టారు.

అప్పుడే డైరెక్టర్ గారు దీపికని చూశారు. "మెడలో ఏంటమ్మా అది?"

"తాళం చెవి సార్. లిమిట్లు మార్చడం మరిచిపోయినవాళ్లకి వేస్తారు. ఇంకొకళ్లు అదే తప్పు చేసేదాకా ఉంచుకోవాలి."

"ఎన్నాళ్లయింది?"

"పదమూడు రోజులు సార్."

డైరెక్టర్ గారు బోర్డు వంక ఒకసారి చూశారు, అంతే. దీపిక లేచింది. పురికొస తల మీదుగా తీసి, నడిచి వెళ్లి, తాళం చెవిని మాస్టారి ముందు బల్ల మీద, చాక్‌పీసు పక్కన పెట్టింది. వచ్చి కూర్చుంది. మెడ మీద పురికొస ఒరిసిన చోట ఎర్రగా గీత ఉంది, అక్కడ రుద్దుకుంది.

బెల్లు కొట్టారు. డైరెక్టర్ గారు ఫోనుతో బోర్డుని ఫోటో తీసుకుని, తలుపు దగ్గరకొచ్చి నన్ను చూశారు. "నువ్వెవరు?"

"బోర్డు తుడుస్తానండి."

"రోజూ ఇక్కడే నిలబడతావా?"

"నిలబడతానండి."

మాస్టారు తల ఎత్తారు. గది అంతటిలో నా ముఖం ఒక్కటే ఆయన చూస్తున్నారు. ఆయన రోజూ తప్పు పెడతారండి, పిల్లలు రోజూ పట్టుకుంటారండి. నేను అంతే చెబితే చాలు. పిల్లలు నలభై మందీ నా వంకే చూస్తున్నారు.

"సరే, తుడువు" అన్నారు డైరెక్టర్ గారు.

తుడిచాను. పై నుంచి మొదలుపెట్టాను కాబట్టి గుర్తు పైనున్న రెండు అనే అంకె ముందు పోయింది.

ఉపేంద్ర మాస్టారు సోమవారం నుంచి సీనియర్లకి చెప్పడం మొదలుపెట్టారు. చంద్రమౌళి మాస్టారు ఇంకో రెండు కాలేజీలకి వెళ్లారని, అక్కడ ఆ ఫోటో ఆయనకంటే ముందే చేరిందని స్టాఫ్ రూములో చెప్పుకున్నారు. చివరికి అన్న కొట్టు మెట్టు ఎక్కారని మా అమ్మ చెప్పింది. నాలుగు వారాలు నేను గంటస్తంభం వైపు వెళ్లలేదు, సరుకులకి అమ్మే కుంటుకుంటూ వెళ్లింది. ఆ తర్వాత ఒక ఆదివారం అమ్మ నడవలేనంటే నేనే వెళ్లాను.

కొట్లో పీట మీద కూర్చుని ఆయన చింతపండు పొట్లాలు కడుతున్నారు. రంగనాథం గారు గల్లా దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకి సందడిగా పరిచయం చేస్తున్నారు. "మా తమ్ముడండి, ఎమ్మెస్సీ. పొట్లం సూడండి, మూలలన్నీ సమానంగా వస్తాయి."

"పసుపు పావుకిలో అండి" అన్నాను.

మాస్టారు తల ఎత్తకుండానే తూచారు, కాగితంలో పోశారు. కడుతూ మెల్లగా అడిగారు. "ఆ రోజు తప్పు నీకు కనబడింది కదా? రోజూ చూస్తూ ఉంటావు."

"కనబడిందండి."

"వాళ్లకి కూడా కనబడే ఉంటుంది."

"అందరికీ తెలుసండి. చెయ్యెత్తకూడదని ముందు రోజే అనుకున్నారండి."

ఆయన చేతులు పొట్లం మీద ఆగిపోయాయి. "నీకెలా తెలుసు?"

"వరండా తుడుస్తుంటే విన్నానండి."

"అయితే శుక్రవారం పొద్దున్న స్టాఫ్ రూముకి…"

"అందుకే వచ్చానండి."

ఆయన పొట్లానికి పురికొస చుట్టి ముడి వేశారు. తర్వాత చొక్కా జేబులోంచి తాళం చెవి తీశారు. గోగునార తాడు దానికి ఇంకా ఉంది.

"తప్పు పట్టుకున్నదానివి, పెన్ను ఇవ్వాలి. పెన్నులు అయిపోయాయి" అన్నారు. పసుపు పొట్లం మీద తాళం చెవి పెట్టి నా వైపు తోశారు. "నీకిది సరిపోతుంది. నీ తర్వాత ఎవరికో, అది నువ్వే చూసుకో."

"ఏటి మేష్టారూ, పసుపు అమ్ముతున్నావా, పాఠం సెప్తున్నావా? ఆ సింతపండు ఎవుడు కడతాడు?" అని గల్లా దగ్గర నుంచి రంగనాథం గారు అరిచారు. కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. మాస్టారు ఇంకో కాగితం తీసుకుని మూలలు మడవసాగారు.

ఇంటికొచ్చి పసుపు డబ్బాలో పోశాను. తాళం చెవి చూసి మా అమ్మ "అదేటే?" అంది. దేనికీ పట్టదని చెప్పాను. అమ్మ పడుకున్నాక ఒకసారి మెడలో వేసుకుని చూశాను. అనుకున్నదానికంటే బరువుగా ఉంది, నార గుచ్చుకుంది. వెంటనే తీసేశాను. దీపికకి దాన్ని తియ్యడానికి పదమూడు రోజులు పట్టింది.